ఒక్క జిరాక్సుతో ఎకరం సగమవుతుంది

అయ్యా,

1:1000 స్కేలుతో ఏ3 కాగితం మీద గీసిన పొలం పటం ఉందనుకుందాం. అందులో ఒక సెంటీమీటరంటే నేల మీద 10 మీటర్లు. దాన్ని ఏ4 కాగితానికి తగ్గించి జిరాక్సు తీస్తే ప్రతి పొడవూ 71 శాతానికి తగ్గుతుంది. ఇప్పుడు సెంటీమీటరంటే 14 మీటర్ల పైమాటే. పటం మూలన ఉన్న 1:1000 అంకె మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని నమ్మి కొలిస్తే 100 మీటర్ల గట్టు 71 మీటర్లే వస్తుంది. పొడవులో మూడో వంతు కూడా పోలేదు కానీ విస్తీర్ణంలో సగం పోయింది. 0.71ని 0.71తో గుణించి చూడండి. వంద సెంట్ల ఎకరం 50 సెంట్లుగా, తెలంగాణ లెక్కలో 40 గుంటలు 20 గుంటలుగా తేలతాయి.

సరూప త్రిభుజాల (ఆకారం ఒకటే అయి పరిమాణం వేరుగా ఉండేవాటి) వైశాల్యాల నిష్పత్తి అనురూప భుజాల (ఒకదానికొకటి సరిపోలే భుజాల) నిష్పత్తి వర్గానికి సమానమన్న సిద్ధాంతం అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే. 2022-23లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి గణితంలో పాఠ్యాంశాలను తగ్గించినప్పుడు తీసేసిన వాటిలో ఇదీ ఉంది. ఇది తీయవలసిన భాగం కాదు. సెంటీమీటరుకు 10 మీటర్లయితే చదరపు సెంటీమీటరుకు ఎంత అని అడిగితే పిల్లలు తడుముకోకుండా 10 చదరపు మీటర్లు అంటారు. స్కేలుతో ఒక్కసారే గుణించే అలవాటు వల్ల వచ్చే తప్పిది. గ్రాఫు కాగితం మీద ఒక సెంటీమీటరు గడి గీయించి, అడ్డంగా 10 మీటర్లు, నిలువుగా 10 మీటర్లు అని రాయిస్తే 100 అని వాళ్లకే తెలిసిపోతుంది. తర్వాత తిరగేసి అడగాలి: చతురస్రాకారపు స్థలం విస్తీర్ణం రెట్టింపు కావాలంటే భుజం ఎంత పెంచాలి? రెట్టింపు చేస్తే స్థలం నాలుగింతలవుతుంది. 1.41 రెట్లు చాలు.

పటం సరూపంగా ఉన్నంతవరకే ఈ లెక్క. కంప్యూటర్లో బొమ్మను మూల పట్టుకుని కాక పక్క అంచు పట్టుకుని లాగితే సరూపత పోతుంది. ఏ4 పటాన్ని లీగల్ కాగితం నిండేలా సాగదీస్తే అడ్డం 3 శాతం, నిలువు 20 శాతం పెరుగుతాయి. ఇక ఆ పటానికి ఒకే స్కేలంటూ ఉండదు, ఏటవాలు గట్ల మధ్య కోణాలూ మారిపోతాయి. ఫోన్‌ను వంచి తీసిన ఫోటో ఇంకా అధ్వాన్నం: కెమెరాకు దూరంగా ఉన్న అంచు కుంచించుకుపోతుంది కాబట్టి దాని మీద అసలు కొలవకూడదు. నకలు తీసే ముందు మూలపటం అంచున అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి 10 సెంటీమీటర్ల గీతలు పెన్సిలుతో గీయాలి. నకలులో రెండూ 7.1 వస్తే 1000ని 0.71తో భాగించాలి, కొత్త స్కేలు సుమారు 1:1408. రెండూ వేరువేరుగా వస్తే ఆ నకలు కొలతకు పనికిరాదు.

పటం, పొలం సరూపం కావడానికి నాలుగు భుజాలూ ఒకే అనుపాతంలో ఉంటే చాలనుకోవడం మరో పొరపాటు. ఆ మాట త్రిభుజానికే చెల్లుతుంది. చతుర్భుజం భుజాలు మారకుండానే పక్కకు ఒరిగిపోగలదు, దాంతో విస్తీర్ణం మారిపోతుంది. చతురస్రమూ, అవే భుజాలున్న రాంబస్సూ ఇందుకు సాక్ష్యం. పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలిచేది అందుకే. నాలుగు గట్లతో పాటు ఒక మూల నుంచి ఎదురు మూలకు కర్ణం కూడా కొలిస్తే ఆకారం స్థిరపడుతుంది.

పత్రికకు ఒక విన్నపం. రింగురోడ్లు, కాలువలు, కొత్త రైలు మార్గాల పటాలు అచ్చువేసేటప్పుడు 1:50,000 వంటి అంకె ఒక్కటే వేయకండి. కాలమ్ వెడల్పుకు పటాన్ని కుదించగానే అది తప్పవుతుంది, ఈ-పేపరులో వేలితో పెద్దది చేసుకున్నా అంతే. దాని బదులు పటం లోపలే 0, 1, 2 కిలోమీటర్ల గుర్తులున్న గీత వేయండి. పటాన్ని కుదించినా పెంచినా గీత కూడా అదే నిష్పత్తిలో మారుతుంది కాబట్టి పాఠకులు దారానికి సరిపెట్టి దూరం కొలుచుకోగలరు.

– ఒక గణిత ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా