లైసెన్స్ లేకపోవడం వేరు, కార్డు వెంట లేకపోవడం వేరు

సంపాదకులకు నమస్కారం.

వాహనాల తనిఖీలో ఇన్ని కార్లు, ఇన్ని బైకులు పట్టుకుని స్టేషన్‌కు తరలించారని మీ జిల్లా పేజీల్లో తరచూ వార్త వస్తుంది. ఎంత జరిమానా వసూలైందో కూడా రాస్తారు. ఆ బళ్ళను ఏ సెక్షన్ కింద పట్టుకున్నారు, మళ్ళీ ఎప్పుడు ఇచ్చారు, ఇచ్చేనాటికి ఏ స్థితిలో ఉన్నాయి అన్నది మాత్రం ఏ రోజూ కనిపించదు. దాని గురించి రాద్దామనే ఈ ఉత్తరం.

మాది ఖమ్మం జిల్లా. కిందటేడు మా బావగారు, అక్క, పిల్లలు విజయవాడ వైపు ఒక నిశ్చితార్థానికి వెళ్తుంటే సరిహద్దు దాటాక ఒక ఊరి దగ్గర ఆపారు. ఆర్‌సీ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. లైసెన్స్ కార్డు ఇంట్లో ఉండిపోయింది, కానీ ఫోన్‌లో తెలంగాణ రవాణా శాఖ వాళ్ళ ఎం-వాలెట్ యాప్‌లో ఉన్న లైసెన్స్ చూపించారు. అక్కడి ఆఫీసరు తన యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే ఏమీ రాలేదు. ఇక అంతే, ఇది చెల్లదు, నీకు లైసెన్సే లేదు అని తేల్చేశారు. రాకపోవడానికి కారణం ఉంది. తెలంగాణ చాలా ఏళ్ళపాటు సొంత సాఫ్ట్‌వేర్‌తోనే నడిచింది, బళ్ళ, లైసెన్సుల వివరాలు ఉంచడానికి కేంద్రం నడిపే వాహన్, సారథి పోర్టళ్ళలో మన వివరాలు ఉండేవి కావు. పక్క రాష్ట్రాలకు బండి వేసుకుని వెళ్ళిన తెలంగాణ వాళ్ళకు ఈ తలనొప్పి కొత్త కాదు. రెండు ప్రభుత్వాల మధ్య లింకు కుదరకపోతే దానికి పిల్లలతో రోడ్డు మీద నిలబడ్డ మనిషా బాధ్యుడు?

నాకూ లైసెన్స్ ఉంది, కార్డు పర్సులోనే ఉంది, నేను నడుపుకుంటూ పోతానండీ అని అక్క అడిగింది. వినలేదు. పోనీ ఆర్‌సీ మీ దగ్గర ఉంచుకోండి, సోమవారం కార్డు తెచ్చి చూపించి తీసుకుంటాం అని బావగారు బతిమాలారు. దానికీ ఒప్పుకోలేదు. కారు స్టేషన్‌కు పోయింది, వీళ్ళు బ్యాగులు మోసుకుంటూ ఆటో వెతుక్కున్నారు. అది శనివారం సాయంత్రం. సోమవారం నేనూ బావగారూ కార్డు పట్టుకుని వెళ్తే స్టేషన్‌లో ఆర్టీఓ ఆఫీసుకు వెళ్ళమన్నారు, అక్కడేమో ముందు స్టేషన్ నుంచి లెటర్ తెమ్మన్నారు, ఆ లెటర్ రాసే రైటర్ కోర్టు పని మీద వెళ్ళాడన్నారు. సాయంత్రానికి కార్డు చూసి, అది వెంట లేనందుకు చలాన్ రాసి కారు ఇచ్చారు. బంపర్ ఒక పక్క ఊడి వేలాడుతోంది, డిక్కీలో స్టెప్నీ లేదు. పట్టుకున్న రోజు ఏ కాగితమూ చేతికివ్వలేదు కాబట్టి, ముందునుంచే లేదేమో అంటే మా దగ్గర జవాబు లేదు. ఆ స్టేషన్ పేరు రాయను, ఎందుకంటే ఇలా జరిగేది ఆ ఒక్క చోటే కాదు.

ఇంటికొచ్చాక చట్టం తీసి చదివాను. మోటారు వాహనాల చట్టం 1988లో బండిని పట్టుకునే అధికారం ఇచ్చేది 207వ సెక్షన్. అసలు లైసెన్సే లేకుండానో, వయసు చాలకుండానో, రిజిస్ట్రేషన్ లేదా పర్మిట్ లేకుండానో నడుపుతున్నారని నమ్మడానికి కారణం ఉంటే పట్టుకోవచ్చు. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. లైసెన్స్ విషయంలోనైతే బండిని పట్టుకోవడానికి బదులు ఆర్‌సీ తీసుకుని రసీదు ఇచ్చి పంపవచ్చు. బావగారు అడిగింది సరిగ్గా ఇదే! చట్టంలో ఉన్న దారిని అడిగితే ఆఫీసరుతో వాదనకు దిగినట్టు చూశారు. అడిగినప్పుడు లైసెన్స్ చూపించాలనేది 130వ సెక్షన్, అది పూర్తిగా వేరే విషయం. లైసెన్స్ లేకుండా నడిపితే 181వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. ఉన్న లైసెన్స్ వెంట లేకపోవడాన్ని చట్టం ఆ గాటన కట్టలేదు. పైగా కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139ని 2018 నవంబరులో సవరించి, పత్రాలను ఎలక్ట్రానిక్ రూపంలో చూపించినా చాలని రాశారు. కేంద్ర ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్, ఎం-పరివాహన్‌లలో ఉన్నవాటిని అసలు పత్రాలతో సమానంగా చూడాలని అదే ఏడాది ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది కూడా. ఇన్నేళ్ళయినా ఆ సంగతి రోడ్డు మీద నిలబడే సిబ్బందికి చేరలేదంటే ఏమనుకోవాలి?

అక్కను నడపనివ్వకపోవడం నాకు మరీ బాధ అనిపించింది. తాగి నడిపిన కేసుల్లోనే మా తెలంగాణ హైకోర్టు 2021లో, పక్కన లైసెన్స్ ఉండి మద్యం తాగని మనిషి ఉంటే బండి వాళ్ళకు ఇచ్చి పంపాలని చెప్పింది. ఆ తీర్పు పక్క రాష్ట్రానికి నేరుగా వర్తించదు అనవచ్చు, నిజమే, కానీ చట్టం రెండు చోట్లా ఒకటే కదా. తాగి నడిపినవాడి బండికి ఉన్న వెసులుబాటు కార్డు ఇంట్లో మర్చిపోయినవాడి బండికి ఎందుకు ఉండకూడదు?

పోలీసుల మీద కోపంతో రాయడం లేదు. మా ఊళ్ళోనే మీసాలు రాని పిల్లలు కార్లు తోలుతున్నారు, వాళ్ళ నాన్నలు పక్కన కూర్చుని మురిసిపోతున్నారు. అలాంటి బళ్ళను పట్టుకోవాల్సిందే. మైనరు నడిపితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అని 2019 సవరణలో పెట్టారు, అది గట్టిగా అమలైతే నేను సంతోషిస్తాను. లైసెన్స్ లేనివాడు యాక్సిడెంట్ చేస్తే ఇన్సూరెన్స్ దగ్గర ఎదుటివాళ్ళ కుటుంబం ఎంత తిరగాల్సి వస్తుందో చూసినవాణ్ణి. నేను అడిగేది ఆ పిల్లాణ్ణీ మా బావగారినీ ఒకే తీరుగా చూడొద్దని.

ఇక పట్టుకున్న బళ్ళ సంగతి. ఏ స్టేషన్ ఆవరణలో చూసినా తుప్పు పట్టిన కార్లు, గాలి పోయిన టైర్లు, మధ్యలోంచి మొలిచిన తుమ్మచెట్లు. కేసుల్లో పట్టుబడిన వాహనాలను స్టేషన్లలో ఏళ్ళ తరబడి ఉంచడం వల్ల ప్రయోజనం లేదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది, తగిన పూచీకత్తు తీసుకుని త్వరగా అప్పగించమంది. అవి క్రిమినల్ కేసుల బళ్ళు. వాటి విషయంలోనే అలా చెబితే, కాగితం చూపిస్తే తీరిపోయే దానికి ఒక కుటుంబం కారును స్టేషన్‌లో ఉంచి పాడు చేయడం ఏం న్యాయం? కిస్తీలు కట్టుకుంటూ ట్యాక్సీ నడుపుకునే వాళ్ళకైతే బండి ఆగిన రోజు కూలి పోయినట్టే.

రెండు రాష్ట్రాల రవాణా మంత్రులకూ, పోలీసు పెద్దలకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. బండిని పట్టుకున్న ప్రతిసారీ అక్కడికక్కడే రసీదు ఇవ్వాలి, ఏ సెక్షన్ కింద పట్టుకున్నారో, బండి ఏ స్థితిలో ఉందో, లోపల ఏమేం ఉన్నాయో అందులో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పత్రాలు సరిచూసి బండి విడుదల చేసే అధికారాన్ని 207లోనే రవాణా అధికారికో, ప్రభుత్వం నియమించిన ఇంకొకరికో ఇచ్చారు, అలాంటివాళ్ళు సెలవు రోజుల్లో కూడా ఒకరు అందుబాటులో ఉండాలి. శనివారం, ఆదివారం తనిఖీలు పెట్టగలిగినప్పుడు విడుదల కూడా చేయగలగాలి. పక్కన లైసెన్స్ ఉన్న మనిషి ఉంటే బండి వాళ్ళకు ఇవ్వాలి. పక్క రాష్ట్రం లైసెన్స్ యాప్‌లో కనిపించకపోతే ఆ జిల్లా ఆర్టీఓ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కునే ఏర్పాటైనా ఉండాలి.

పాఠకులకు ఒక మాట. మీ బండి పట్టుకుంటే గొడవ పడకండి, రసీదు మాత్రం అడగండి, ఇవ్వకపోతే బండి నాలుగు వైపులా, మీటరు రీడింగు, డిక్కీ ఫోటోలు తీసి పెట్టుకోండి. మా దగ్గర ఆ ఫోటోలు లేవు. స్టెప్నీ కోసం స్టేషన్‌లో ఇచ్చిన అర్జీకి ఇంతవరకూ జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా