అద్దె ఒక్కటే లెక్క కాదు: హెచ్‌ఎండీఏ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) కమిషనర్ గారికి నమస్కారాలు.

అద్దె కలిసొస్తుందని మాదాపూర్ నుంచి బోడుప్పల్‌కు మారిన కుటుంబం మాది. అలా మిగిలిన సొమ్ములో కొంత ఉప్పల్ దాకా షేర్ ఆటోకు, అక్కడి నుంచి రాయదుర్గం వరకు మెట్రోకు పోతుంటే, మిగతాది మా మూడేళ్ల పాప క్రెష్‌కు సరిపోతోంది. సాయంత్రం ఆరున్నర దాటితే అదనపు రుసుము వేరు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం వల్ల నాకు ఆర్టీసీ బస్సు ఉచితమే అయినా, బస్సులు మారుతూ వస్తే ఆ ఆరున్నరను అందుకోలేను. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ సదుపాయం ఉండాలని ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ నిర్దేశించింది, కానీ మా ఆఫీసులో ఉన్నది ముప్పై మందిమే.

షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ, ఇంటి ఖర్చూ ప్రయాణ ఖర్చూ కలిపి కుటుంబ ఆదాయంలో 45 శాతం మించకూడదన్న కొలతతో అమెరికా ప్రాంతాలకు పటం గీసింది. అందులో పిల్లల సంరక్షణ ఖర్చు లేదు. మన నగరానికీ అలాంటి పటాన్ని, పిల్లల సంరక్షణ ఖర్చునూ చేర్చి, నగరమంతటికీ ఒకే సగటు కాకుండా (సగటులో బోడుప్పల్ కనబడదు), వార్డుల వారీగా, క్రెష్‌లు మూసే వేళలతో సహా తయారు చేయించి, కొత్త లేఅవుట్లకు అనుమతులిచ్చే ముందు దాన్ని పరిశీలించాలని కోరుతున్నాను.

ఇట్లు,
బోడుప్పల్‌కు చెందిన ఒక ఉద్యోగిని