సడోవా ఆట: తుపాకుల లెక్క మారదు, గెలుపు లెక్క మారుతుంది

మన షాపులో ఆదివారాలు పెద్ద బల్ల మీద చిన్న సైనిక బొమ్మలతో జరిగే మినియేచర్ యుద్ధాల ఆటకు వచ్చేవాళ్లందరికీ ఈ కబురు. ఈ నెల ఆడుతున్నది కోనిగ్‌గ్రాట్జ్. సడోవా యుద్ధం అని కూడా అంటారు. 1866 జూలై 3న, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో, ప్రష్యాకూ ఆస్ట్రియాకూ మధ్య జరిగింది. క్రితం ఆదివారం ఆస్ట్రియా వైపు కూర్చున్న కొందరు వెళ్లేటప్పుడు అన్న మాట: "మా వైపు గెలిచే దారే లేదు. డబ్బు కట్టి రోజంతా ఓడిపోవడానికి వచ్చినట్టుంది. రెండు వైపులా తుపాకుల బలం సమానం చేయండి."

వాళ్ల బాధ న్యాయమైనదే. కానీ తుపాకుల లెక్క మార్చను. కారణం చెబుతాను.

ప్రష్యా సైనికుడి చేతిలో ఉన్నది డ్రైజె సూది తుపాకీ. తూటా వెనక నుంచి పెడతారు. నేల మీద పడుకుని కూడా నింపొచ్చు, నిమిషానికి ఐదు దాకా కాల్చొచ్చు. ఆస్ట్రియా వాళ్ల లోరెంజ్ తుపాకీకి మందూ గుండూ గొట్టం మూతి నుంచి కూరాలి, అందుకు లేచి నిలబడాలి. నిమిషానికి రెండు దాటడం కష్టం. ఇక్కడిదాకా చూస్తే అన్యాయమే. కానీ దూరం కాల్చడంలో లోరెంజే మేలు. ఫిరంగుల్లో కూడా ఆ రోజు ఆస్ట్రియాదే పైచేయి. వాళ్లు ముందే దూరాలు కొలిచి గుర్తులు పెట్టుకున్నారు కాబట్టి బిస్ట్రిట్జ్ వాగు దాటి వచ్చిన ప్రష్యా దళాలు పొద్దున్నంతా ఆ గుండ్ల కింద నలిగిపోయాయి. మన నిబంధనల్లో ఈ రెండూ ఉన్నాయి. దూరంగా నిలబడి కాల్చే ఆస్ట్రియా ఆటగాడికి పాచికలు ఎక్కువ పడతాయి.

మరి ఎక్కడ దెబ్బ తగిలింది? 1859లో ఫ్రాన్స్ చేతిలో ఓడాక ఆస్ట్రియా సైన్యం బాయ్‌నెట్ పట్టుకుని గుంపుగా దూకడమే మంచి పద్ధతని నమ్మింది. సూది తుపాకీ ముందు అంతకంటే ప్రమాదం లేదు. దానికి తోడు స్వీప్‌వాల్డ్ అడవి. అందులోకి చొరబడింది ఫ్రాన్సెకీ నడిపిన ప్రష్యా ఏడో డివిజన్ ఒక్కటే. దాన్ని తరిమేయడానికి ఆస్ట్రియా రెండో కోర్, నాలుగో కోర్ (డివిజన్ కంటే పెద్ద సైన్య విభాగాలు) బెటాలియన్ల మీద బెటాలియన్లు పంపాయి. అవి నిజానికి ఉత్తరం వైపు కాపు కాయాల్సిన దళాలు. ఉత్తరం ఖాళీ అయింది. ప్రష్యా యువరాజు సైన్యం అటునుంచే దిగింది. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఆస్ట్రియా శ్రేణుల నడుమ ఉన్న క్లుమ్ గ్రామం వాళ్ల చేతికి చిక్కింది.

బల్ల మీద ఆ అడవి ఎవరినైనా లాగుతుంది. శత్రువు తక్కువమంది ఉన్నారు, ఇంకొక్క దెబ్బ వేస్తే చాలనిపిస్తుంది. ఆ ఆశను ఆపుకోవడమే ఈ ఆటలో అసలు పరీక్ష. తుపాకులు సమానం చేస్తే అడవి మామూలు అడవి అయిపోతుంది, సడోవా సడోవా కాకుండా పోతుంది.

అయితే గెలుపు లెక్క మారాలి, ఆ విషయంలో మీరు అన్నది సరైనదే. ఆస్ట్రియా సేనాని బెనెడెక్ రెండు రోజుల ముందే సంధి చేసుకోమని చక్రవర్తికి తంతి పంపాడు. ఓడిన సాయంత్రం కూడా ఆయన సైన్యంలో ఎక్కువ భాగం ఎల్బే నది దాటి బయటపడింది. ఫిరంగి దళాలు ప్రాణాలొడ్డి నిలబడి దారి ఇచ్చాయి. ఇకనుంచి ఆస్ట్రియా ఆటగాళ్లు ఆటలో సాయంత్రం అయిదు గంటల వంతు దాకా క్లుమ్ నిలబెట్టుకున్నా, లేక సైన్యంలో మూడొంతులు ఎల్బే దాటించినా ఆట వాళ్లదే. ప్రష్యాకు క్లుమ్ ఒక్కటీ చాలదు, ఆ దారి మూసేయాలి.

రెండో మార్పు యువరాజు పాత్రకు. ఆ పాత్ర తీసుకున్నవాళ్లు భోజనాల దాకా ఖాళీగా కూర్చుంటున్నారు. ఇకమీదట వాళ్లకు పక్క గదిలో మ్యాప్ ఇస్తాం. వానకు బురదైన దారుల్లో దళాలను వాళ్లే నడపాలి, ఆదేశాలు చీటీ మీద రాసి అంపైర్‌కు ఇవ్వాలి. ఎప్పుడు చేరతారో బల్ల దగ్గర ఉన్నవాళ్లకు తెలియదు. ఇది మా సొంత కల్పన కాదు. 1824లో రైస్‌విట్జ్ అనే ప్రష్యా అధికారి తయారుచేసిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధపు ఆటలో మ్యాపు, చీటీలు, అంపైర్ అన్నీ ఉన్నాయి. సడోవాలో ప్రష్యా పథకం వేసిన మోల్ట్‌కే కూడా తన అధికారులచేత ఆ ఆట ఆడించినవాడే. అసలు యుద్ధంలోనూ తంతి పనిచేయక, యువరాజుకు ఆదేశం రాత్రిపూట గుర్రం మీద వెళ్లింది.

ఇక డబ్బు సంగతి. రోజు టికెట్ 700 రూపాయల నుంచి 900కు పెరుగుతుంది. ఈ బల్ల మీద లాభం లేదు, బోర్డ్ గేముల అమ్మకమే దీన్ని నిలబెడుతోంది. బొమ్మలు ఇంగ్లండ్ నుంచి వస్తాయి, కస్టమ్స్ సుంకం, రవాణా కలిపితే బొమ్మల ధరకు దగ్గరగా పోతోంది. 28 మిల్లీమీటర్ల పెద్ద బొమ్మలు అడిగేవాళ్లకూ ఒక జవాబు. మన బల్ల మీద అంగుళం అంటే దాదాపు వంద మీటర్లు. ఆ కొలతలో పది అడుగుల బల్ల మీద యుద్ధరంగం పట్టాలంటే 6 మిల్లీమీటర్ల బొమ్మలే సరిపోతాయి. వందల మంది బారులు తీరి నిలబడితే వచ్చే అందం పెద్ద బొమ్మలు పదీ ఇరవైతో రాదు.

మిగిలిన ఆస్ట్రియా పదాతి దళం ఇంకా సిద్ధం కాలేదు. వాళ్లవి తెల్లకోట్లు. నల్ల ప్రైమర్ మీద తెలుపు నిలవాలంటే పల్చగా పూత మీద పూత వేయాలి, ప్రతిసారీ ఆరనివ్వాలి. పైగా వానాకాలం తేమలో వార్నిష్ స్ప్రే చేస్తే బొమ్మల మీద బూజు పట్టినట్టు పొర కడుతుంది. పొడి రోజు దొరికేదాకా ఆగుతున్నాం. అప్పటిదాకా ఆ దళాల స్థానంలో పేర్లు రాసిన బేసులు (బొమ్మలు నిలబెట్టే పీటలు) ఉంటాయి.

వచ్చే ఆదివారం ఉదయం పదికి మొదలు, సాయంత్రం ఆరు దాకా. పాత ధరకు బుక్ చేసుకున్నవాళ్లు అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. ఈ మార్పులు నచ్చనివాళ్లు గురువారం లోపు చెబితే మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం. యువరాజు పాత్రకు ఇంకా ఎవరూ లేరు. మ్యాప్ చదవడం ఇష్టమైనవాళ్లు కౌంటర్ దగ్గర పేరు ఇవ్వండి.