మోతె దగ్గర మా నాన్న అంబాసిడర్‌ని నిలబెట్టిన పెద్దాయనకు

నిన్న రాత్రి పదిన్నరకి ఖమ్మం చేరాం. ఇవాళ నాన్న సంవత్సరీకం అయింది. చుట్టాలు ఇంకా వెళ్లలేదు, పెరట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, నాకేమో కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఇది ఈ రాత్రే రాసేయాలి. రేపటికి ఇంత వివరంగా గుర్తుండదు.

నాన్నది 1986 మోడల్ అంబాసిడర్, మార్క్ ఫోర్, పెట్రోల్ బండి. ఖమ్మంలో ఇరవై ఏళ్లకు పైగా దాన్ని టాక్సీగా తిప్పి మా ఇద్దరినీ చదివించారు. ఆయన పోయాక దాన్ని హైదరాబాద్ తెచ్చుకున్నాను. సంవత్సరీకానికి ఎలా వెళ్దామని అడిగితే అమ్మ ఒక్కటే మాట అంది, "ఆయన బండిలోనే పోదాం" అని.

బయల్దేరడానికి రెండు వారాల ముందు నుంచే ఇంజన్‌లో టిక్ టిక్ మని శబ్దం మొదలైంది. ఆక్సిలరేటర్ తొక్కితే అదీ వేగం పెరుగుతుంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. బానెట్ ఎత్తారు, ఒకసారి రేజ్ చేశారు, "ఇంజన్ అయిపోయింది మేడమ్, ఓవరాలింగే. తొంభై వేలవుతుంది, సగం అడ్వాన్స్" అన్నారు. ఆ ఇంజన్ మీది రాకర్ కవర్, అంటే పైనుండే రేకు మూత, రెండే రెండు నట్లతో ఉంటుంది. ఆ రెండు నట్లు విప్పి లోపల ఏముందో చూద్దామని అక్కడ ఒక్కరికీ అనిపించలేదు. ఈ సంగతి నాకు నిన్ననే తెలిసింది, అందుకే ఇంకా మండుతోంది.

సూర్యాపేటలో హైవే దిగి ఖమ్మం రోడ్డు ఎక్కాం. మోతె దగ్గరికి వచ్చేసరికి ఆ టిక్ టిక్ కాస్తా సుత్తితో కొడుతున్నట్టయింది. పక్కకి తీసి ఆపేశాను. మధ్యాహ్నం మూడు, మాడిపోయే ఎండ. ప్రతి ఏడూ డబ్బు కట్టించుకునే రోడ్డు సహాయం వాళ్లకి ఫోన్ చేస్తే, పదిహేనేళ్లు దాటిన బండికి సర్వీసు వర్తించదన్నారు. డబ్బు కట్టించుకునేటప్పుడు మాత్రం బండి వయసు ఎవరూ అడగలేదు. తమ్ముడు ఖమ్మం నుంచి కారులో వచ్చాడు, మావారు హైదరాబాద్ నుంచి ఫోన్ లైన్లోనే ఉన్నారు. అమ్మని తీసుకెళ్తానని తమ్ముడు ఎంత చెప్పినా ఆవిడ బండి వదిలి రానంది.

అప్పుడు వచ్చారు ఆ పెద్దాయన. టీవీఎస్ బండి వెనక పచ్చగడ్డి మోపు, భుజాన తువ్వాల. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి, మోకాళ్లు పట్టేసి ఊరికి వచ్చేశారట. గడ్డిమోపు కింద పడేసి, ఏమీ అడక్కుండా ముందు డిప్ స్టిక్ లాగి చూశారు. ఆయిల్ అడుగు గీత కంటే కిందికి పోయింది.

"ముందు ఆయిలు, ఆ తర్వాతే స్టార్టు బిడ్డా" అన్నారు. అక్కడున్న ఒక పిల్లాడిని ఆయిల్ డబ్బా తెమ్మని పంపారు.

ఆయిల్ పోశాక స్టార్ట్ చేయించారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నారు. ఒక చోట, ఇంకో చోట, కింద, పైన. తర్వాత తువ్వాల చుట్టిన చేత్తో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి మళ్లీ పెట్టారు. ఏ వైరు తీసినా ఇంజన్ తడబడింది గానీ ఆ శబ్దం మాత్రం మారలేదు.

"బేరింగైతే ఆ సిలిండర్ వైరు తీయంగనే సప్పుడు తగ్గుతది. ఇది తగ్గలే. పైన్నే ఉంది రోగం. ఇంజన్ పోలే బిడ్డా, ట్యాపెట్లు వదులైనయ్, అంతే."

అంతే అన్నారు. రెండు వారాల టెన్షన్, తొంభై వేల భయం ఆ ఒక్క మాటతో దిగిపోయాయి. అక్కడే రాయి మీద కూలబడిపోయాను.

కానీ ఆయన వెంటనే రెంచి పట్టలేదు. "ఇంజన్ సల్లారాలె. ఉడుకు మీద సందు పెడితే తప్పు లెక్క వస్తది" అని రెండు గంటలు ఆపారు. అంబాసిడర్‌లో ఉన్న ఆ 1489 సీసీ పాత ఇంజన్‌కి చల్లగా ఉన్నప్పుడు పదిహేను థౌ సందు ఉండాలట, అంటే అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే అందులో పదిహేను. రాకర్ తలకీ వాల్వు కాడకీ మధ్య ఉండే సందు అది. వాల్వు అంటే సిలిండర్‌లోకి గాలీ పెట్రోలూ రానిచ్చే, పొగ బయటికి పోనిచ్చే చిన్న తలుపు, రాకర్ దాన్ని కిందికి నొక్కే మీట. ఈ సందు సరిచేయడాన్నే ట్యాపెట్లు సెట్ చేయడం అంటారు. హైడ్రాలిక్ లిఫ్టర్లున్న బండ్లలో ఆయిల్ ప్రెజర్‌తో దానంతటదే సరిపడుతుంది. దీనికి చేత్తోనే పెట్టాలి. అరుగుతున్నకొద్దీ సందు పెరుగుతుంది, ఆయిల్ తక్కువైతే రాకర్లకి తడి అందదు, అప్పుడు ఇంకా త్వరగా అరుగుతాయి. ఆ రెండు గంటల్లో ఇదంతా ఓపిగ్గా చెప్పారు. ఇంత ఓపికగా నాకు ఏ వర్క్‌షాప్‌లోనూ ఎవరూ చెప్పలేదు.

ఐదున్నర దాటాక ఆ రెండు నట్లు విప్పి కవర్ పైకెత్తారు. బోర్లించి పక్కన పెట్టబోయి ఆగిపోయారు. లోపలి వైపు నల్లటి ఆయిల్ మడ్డి కింద ఏవో గీతలు. తన భుజం మీది తువ్వాలతో, ఉతికిన తెల్ల తువ్వాలతో, మెల్లగా తుడిచారు. రేకు మీద మేకుతో గీసిన అంకెలు బయటపడ్డాయి.

8-1, 6-3, 4-5, 7-2. వాటి కింద 1-8, 3-6, 5-4, 2-7.

"మీ నాయన రాసుకున్నడా?"

నాన్న ఏడు అంకెకి అడ్డంగా చిన్న గీత పెట్టేవారు. రేకు మీద ఆ గీత కూడా ఉంది. నాకు నోట మాట రాలేదు. అమ్మ వచ్చి చూసి, ఆ ఏడు మీద వేలు పెట్టి, అట్లాగే నిలబడిపోయింది.

"రెండూ కలిపితే తొమ్మిది, సూడు. ఎనిమిదో వాల్వు పూరా కిందికి నొక్కుకున్నప్పుడు ఒకటోది సెట్ చెయ్యాలె. ఆరోది నొక్కుకుంటే మూడోది. పనోడు బిడ్డా మీ నాయన. ఆయన రాసిన వరసలనే చేద్దాం."

అలాగే చేశారు. ఇంజన్‌ని చేత్తో తిప్పే నాన్న హ్యాండిల్ డిక్కీలో ఇంకా ఉంది. ముందు నుంచి పెట్టి తమ్ముడు కొద్దికొద్దిగా తిప్పుతుంటే, పెద్దాయన ఒక్కో జత పైకి చదివి ఒక్కో స్క్రూ సరిచేశారు. మూడు చోట్ల ఇరవై ఐదు థౌ పైనే ఉంది సందు. రెండోది అయ్యాక ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్నటి రేకు, నా చేతికిచ్చి, "నువ్వు సూడు, రేపు నీకు పనికొస్తది" అన్నారు. ఊరికే జారిపోకూడదు, పట్టేసుకోకూడదు. చిన్నప్పుడు పుస్తకంలో దాచిన నెమలీకని పేజీలు ఒత్తి పట్టుకుని లాగితే ఎలా వస్తుందో అలా రావాలి. ఆ రేకు సందులోంచి అలా వచ్చినప్పుడు, నాన్న ఈ పని ఎన్ని వందల సార్లు చేసుంటారో నాకు మొదటిసారి అర్థమైంది. మేం నిద్ర లేవకముందే చేసుకునేవారు.

ఎనిమిదీ అయ్యాక స్టార్ట్ చేస్తే శబ్దం చాలావరకు పోయింది, ఒక్క చోట మాత్రం మిగిలింది. నడుస్తున్న ఇంజన్‌లోనే గేజ్ ఒక్కో సందులో దూర్చి చూశారు. నాలుగో దాంట్లో దూర్చగానే శబ్దం ఆగిపోయింది. ఆపి, ఆ రాకర్ అంచుని గోరుతో తడిమి, నన్నూ తడిమి చూడమన్నారు. గోరు చిన్న గుంటలో దిగింది. గేజ్ రేకు చదునుగా ఉంటుంది కదా, ఆ గుంట మీద వంతెనలా నిలబడి పదిహేను అని చూపిస్తోంది, లోపల అసలు సందు ఇంకా ఎక్కువ. అందుకని స్క్రూని సందు పూర్తిగా పోయేదాకా బిగించి, అక్కణ్ణుంచి లెక్కగా వెనక్కి తిప్పి లాక్ నట్ వేశారు. రాకర్ షాఫ్ట్ విప్పాలంటే హెడ్ నట్లు కూడా వదులు చెయ్యాలి, అది రోడ్డు మీద చేసే పని కాదు, ఖమ్మంలో లేత్ దగ్గర ఆ రాకర్ అంచు గ్రైండ్ చేయించుకోమన్నారు.

ఇంకా సన్నగా వినిపిస్తోందని నేనంటే, "జరంత ఉండాలె. సప్పుడు జేసే ట్యాపెట్‌కి భయపడకు, సప్పుడే జెయ్యని దానికి భయపడాలె. సందు లేకపోతే వాల్వు సరిగ్గ మూసుకోదు, కాలిపోతది" అన్నారు.

ఎనిమిదిన్నర దాటింది. డబ్బివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆయిల్ డబ్బా ఖరీదు మాత్రం తీసుకున్నారు, అది పిల్లాడికిచ్చేశారు. అమ్మ బతిమాలితే, "అమ్మా, మూడేండ్లయింది నేను ట్యాపెట్ పట్టక. ఇయ్యాల పట్టిన. ఇగ పైసలెందుకు" అన్నారు. దారంతా అమ్మ ఆ మాటే చెప్పుకుంటూ వచ్చింది.

అలాంటి చేతులకి మూడేళ్లుగా పని లేదు. మాకేమో పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 600 ఉన్న ఫీజుని 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. కట్టాం. ఫిట్‌నెస్‌కి రెండుసార్లు తిప్పారు, తిరిగాం. పాత బండి ఉంచుకుంటే ఎక్కువ కట్టాలి అని చెప్పడానికి అందరూ ఉన్నారు. దాన్ని చెవితో విని రోగం చెప్పగల మనిషి దగ్గర పని నేర్చుకోవడానికి మాత్రం ఒక్క కుర్రాడు లేడు. స్కానర్ పెట్టే సాకెట్ లేని బండి అంటే ఇక తుక్కే అనుకుంటున్నారు. ఇది తప్పు, చాలా తప్పు.

పెద్దాయనా, ఆ అంకెల్ని మీరు మడ్డి అని తుడిచి పారెయ్యొచ్చు, అసలు చూడకపోవచ్చు కూడా. చూసి, ఆగి, మమ్మల్ని పిలిచి, నాన్న వరసలోనే చేశారు. ఇవాళ పిండాలు పెట్టేటప్పుడు కూడా నాకు ఆ ఏడు అంకే కళ్లముందు ఉంది. మీకు దండం.

మర్చిపోయాను, అమ్మకి వాకిట్లో మంచం వేసి మజ్జిగ ఇచ్చి రెండు గంటలు కబుర్లు చెప్పిన ఎదురింటి అక్కకి కూడా. బస్సు ఆపి మంచినీళ్ల సీసా ఇచ్చి వెళ్లిన ఆర్టీసీ డ్రైవర్ గారికి. చీకటి పడ్డాక వెనక కొమ్మలు అడ్డం పెట్టి, లారీలు చూసుకుని పోయేలా నిలబడ్డ కానిస్టేబుల్‌కి. ఆయిల్ తెచ్చిన పిల్లాడి పేరు అడగలేదు, ఆ హడావుడిలో తోచలేదు, తప్పయింది.

తెల్ల తువ్వాల మా బండిలోనే ఉండిపోయింది. ఆయిల్ మరక ఇంకా పోలేదు, అమ్మ మళ్లీ నానబెట్టింది. సోమవారం రాకర్ పని చేయించి, తిరుగు ప్రయాణంలో మోతెలో ఆగుతాం.