విడి సిగరెట్ల నిషేధం గెజెట్‌కే పరిమితమా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పొగాకు ఉత్పత్తుల చట్టానికి కర్ణాటక శాసనసభ 2024లో చేసిన సవరణ, రాష్ట్రపతి ఆమోదం పొంది, 2025 మే నెలాఖరున గెజెట్‌లో వెలువడింది. దాని ప్రకారం పొగాకు కొనుగోలుకు కనీస వయసు 18 నుంచి 21 ఏళ్లకు పెరిగింది; విద్యాసంస్థలకు 100 మీటర్ల లోపు అమ్మకం నిషిద్ధమైంది; హుక్కా బార్లు నడిపితే ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది. విడి సిగరెట్లు అమ్మరాదన్న నిబంధన కూడా ఇందులోనే ఉంది. హుక్కా బార్ల మూసివేత గురించి పత్రికలు, టీవీలు చాలా చెప్పాయి కాబట్టి అది అందరికీ తెలుసు. విడి సిగరెట్ల సంగతి మాత్రం, అమ్మేవారితో సహా, ఎవరికీ పట్టినట్టు లేదు. నా దృష్టిలో సవరణ మొత్తంలో ముఖ్యమైనది ఆ ఒక్క నిబంధనే.

బెంగళూరులోని మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, మడివాళ ప్రాంతాలలో మన తెలుగు పిల్లలు వేల సంఖ్యలో పీజీ హాస్టళ్లలో ఉంటూ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ వీధుల్లో ప్రతి మలుపులోనూ, ఇక్కడివారు ‘కాండిమెంట్స్’ అని పిలిచే చిన్న దుకాణం ఒకటి ఉంటుంది. ముందు వరుసలో చాక్లెట్ల డబ్బాలు, వాటి వెనుక చిప్స్ దండలు, పక్కన టీ ఫ్లాస్కు, కమ్మీకి దారంతో వేలాడదీసిన లైటరు. ఇరవై ఏళ్లయినా నిండాయో లేదో తెలియని కుర్రవాడు ఫోన్‌తో స్కాన్ చేస్తాడు; డబ్బు పడిందని సౌండ్ బాక్సు పలకగానే, తెరిచి ఉంచిన పెట్టెలోంచి దుకాణదారు ఒక సిగరెట్ తీసి చేతిలో పెడతాడు. వయసు అడిగిన దుకాణదారును నేనింతవరకు చూడలేదు.

విడిగా అమ్మితే ఏమవుతుందని కొందరు అడగవచ్చు. పెట్టె మొత్తం కొనాలంటే విద్యార్థి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఒక్కటే అయితే టీ ఖర్చులో కలిసిపోతుంది. అలవాటు మొదలయ్యేది ఆ ఒక్కదానితోనే. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమలులో ఉంది. మానాలనుకునేవారు ఫోన్ చేయవలసిన ఉచిత నంబరు 1800-11-2356ను కూడా 2018 నుంచి పెట్టె మీదే ముద్రిస్తున్నారు. విడిగా కొనేవాడి చేతికి పెట్టే రానప్పుడు హెచ్చరిక ఎవరికి, నంబరు ఎవరికి?

ఈ నిషేధం కొత్తది కూడా కాదు. రాష్ట్ర ఆరోగ్య శాఖ 2017లోనే ఇటువంటి ఉత్తర్వు ఇచ్చింది, అదీ ఇలాగే మరుగునపడింది. ఇప్పుడు చట్టమే వచ్చింది కదా అంటే, ఉల్లంఘనకు జరిమానా వెయ్యి రూపాయల వరకు మాత్రమే. మునుపటి 200 రూపాయలతో పోలిస్తే ఎక్కువే గానీ, ఏ ఆరునెలలకో ఒకసారి తనిఖీ జరిగే చోట ఆ మొత్తాన్ని దుకాణదారు వ్యాపార ఖర్చు కింద రాసుకుంటాడు. అతనికి నిజంగా భయం ఉండేది లైసెన్సు పోతుందంటేనే. పొగాకు అమ్మే దుకాణాలకు స్థానిక సంస్థలే ప్రత్యేక లైసెన్సులు ఇవ్వాలని, అటువంటి చోట చిప్స్, బిస్కెట్లు, చాక్లెట్ల వంటివి అమ్మనివ్వరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇప్పుడు బెంగళూరుకు ఒకటి కాదు, ఐదు నగర పాలక సంస్థలున్నాయి. వార్డు స్థాయిలో లైసెన్సుల పట్టిక తయారుచేసి, రెండోసారి పట్టుబడినవారి లైసెన్సు రద్దు చేయడం వాటికి అసాధ్యమైన పనేమీ కాదు.

చిన్న వ్యాపారి పొట్ట కొట్టమని నేను కోరడం లేదు. అతను పెట్టెలు అమ్ముకోవచ్చు, టీ అమ్ముకోవచ్చు. నిజానికి ఆ దుకాణం నుదుటి మీద సిగరెట్ బ్రాండు రంగులతో మెరిసే బోర్డు పెట్టించిన వారిని ముందు ప్రశ్నించాలి. అమ్మకపు చోట 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పుకు మించిన బోర్డు ఉండరాదని, దానిపై బ్రాండు పేరు గానీ పెట్టె బొమ్మ గానీ కనిపించరాదని నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ బోర్డులను పీకిస్తే ఎవరి ఉపాధీ పోదు. ఇక పొగాకు రైతు మాట. ఒంగోలు వైపు, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల మధ్య పెరిగినవాణ్ణి కనుక ఆ కష్టం నాకు తెలుసు. కానీ రైతు ధర నిర్ణయమయ్యేది వేలం కేంద్రంలో, కాలేజీ ఎదుట బడ్డీకొట్టులో కాదు. ఆయన పేరు చెప్పి ఈ అమ్మకాలను సమర్థించడం ఆయనకే అవమానం.

మనవారు చేయగలిగిన పని కూడా కొంత ఉంది. ఈ నగరంలో పీజీ హాస్టళ్లు నడిపేవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. మెట్ల మీద, మేడ మీద పొగతాగరాదని ఒక బోర్డు, దాని కిందే పైన చెప్పిన ఉచిత నంబరు పెట్టించడానికి పెద్ద ఖర్చు కాదు. ఆ నంబరుకు జవాబిచ్చే సేవా కేంద్రాలలో ఒకటి ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లోనే నడుస్తోంది, తెలుగులోనూ మాట్లాడతారు. తెలుగు సంఘాలవారు ఉగాది కార్యక్రమాల ఆహ్వానపత్రాల మీద ఈ నంబరును అచ్చువేయించాలని, మీ పత్రిక బెంగళూరు సంచికలో కూడా అప్పుడప్పుడూ ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు