ఒక్క మార్కు తేడాతో తలరాత రాయకండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను 23 ఏళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మొదటి 9 ఏళ్ళు ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే బడిలో పనిచేశాను. తర్వాతి 14 ఏళ్ళూ, గడప తొక్కిన ప్రతి బిడ్డనూ చేర్చుకునే మామూలు బడిలోనే ఉన్నాను. "ఏ బడిలో వేస్తే మా వాడు పైకొస్తాడు టీచర్?" అని తల్లిదండ్రులు అడగని ఏడాది లేదు. ప్రతిభ ఉన్న పిల్లలకు వేరే బడులు కట్టాలన్న ఆలోచన కూడా ఎక్కడో ఒక చోట, ప్రతి కొన్నేళ్ళకూ ఏదో ఒక విద్యాశాఖ బల్ల మీదికి వస్తూనే ఉంటుంది. ఆ ఫైలు మీ ముందుకు వచ్చినప్పుడు ఈ ఉత్తరం పక్కన పెట్టుకుని చదువుతారన్న ఆశతో రాస్తున్నాను.

ముందు ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ఏడో తరగతి. భిన్నాల కూడిక ఇచ్చి బెంచీల మధ్య తిరుగుతున్నాను. మూడు బై నాలుగు, ఒకటి బై ఆరు కలపాలి. ఆ అమ్మాయి హారాలు సమానం చేసి, ఒక్కో మెట్టూ విడివిడిగా రాసి, పదకొండు బై పన్నెండు తేల్చింది. తప్పేమీ లేదు. నేను చివరి బెంచీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసరికి రబ్బరు పట్టుకుని అదంతా చెరిపేస్తోంది. కాగితం నూగు లేచేలా రుద్దుతోంది. చెరిపిన చోట పక్కమ్మాయి జవాబు దించుకుంది: నాలుగు బై పది. పైవి పైవి, కిందవి కిందవి కలిపేసిన జవాబు.

"ఎందుకు చెరిపావమ్మా? నీదే కరెక్టు కదా" అన్నాను. తల ఎత్తకుండానే, "నాది తప్పేమో అనుకున్నా టీచర్. నేను సెలెక్ట్ కాలేదు కదా" అంది.

అంతకు రెండేళ్ళ ముందు రాసిన ప్రవేశ పరీక్షలో ఆ అమ్మాయికి ఒక్క మార్కు తగ్గింది. ఒక్కటంటే ఒక్కటి. అలాంటి పేపర్లు నేనూ దిద్దాను కాబట్టి ఆ ఒక్క మార్కు ఎలా పోతుందో నాకు తెలుసు. ఏడును ఒకటిలా రాస్తే పోతుంది. రాత్రి జ్వరం వచ్చి నిద్ర లేకపోతే పోతుంది. ప్రశ్నను రెండోసారి చదివే అలవాటు ఇంకా అబ్బకపోతే పోతుంది. ఆ మార్కు వచ్చిన పిల్లకూ రాని పిల్లకూ తెలివిలో తేడా ఉందని చెప్పగలిగే ఉపాధ్యాయుడు ఎవరైనా ఉంటే నేను కలవాలనుకుంటున్నాను.

మంత్రిగారూ, సరిగ్గా ఆ గీతకు అటూ ఇటూ నిలిచిన పిల్లల్నే తీసుకుని పరిశోధన చేసినవాళ్ళున్నారు. అమెరికాలోని బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో ప్రవేశ పరీక్షతో పిల్లల్ని తీసుకునే పేరుమోసిన ప్రభుత్వ హైస్కూళ్ళున్నాయి. కటాఫ్ కొద్దిలో దాటి అక్కడ చేరిన పిల్లల్నీ, కొద్దిలో తప్పిపోయి వేరే బడుల్లో చదివిన పిల్లల్నీ ముగ్గురు ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. 2014లో అచ్చయిన ఆ పరిశోధనలో ఆ బడుల వల్ల పిల్లల పరీక్షా ఫలితాల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల దాదాపుగా కనిపించలేదు. తోటి విద్యార్థులు చురుకైనవాళ్ళే. బడి గోడల నిండా పతకాలే. అయినా ఆ గీత దగ్గరి పిల్లలు, బయట ఉండిపోయినా దాదాపు అంతే నేర్చుకునేవాళ్ళు.

ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఎంపిక చేసుకునే బడిలో ఉన్నన్నాళ్ళూ నేను గొప్ప లెక్కల టీచర్‌ని. నా తరగతిలో తప్పినవాళ్ళు లేరు. ఫలితాలు వచ్చిన రోజు తల్లిదండ్రులు చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పేవాళ్ళు. మామూలు బడికి మారాక అవే పాఠాలు, అదే సుద్దముక్క, అవే ఉదాహరణలు. మొదటి ఏడాది నా తరగతిలో 11 మంది తప్పారు. ఆ వేసవంతా నేనే పాడైపోయానేమోనని కుమిలిపోయాను. తర్వాత నెమ్మదిగా అర్థమైంది. మొదటి బడిలో మేం చేసింది చాలావరకు ఏరుకోవడమే. పదేళ్ళ వయసుకే చదవడం, రాయడం, అడగడం వచ్చిన పిల్లల్ని ఏరుకున్నాం. ఆ పని చేసిపెట్టిన తల్లుల పేరు బోర్డు మీద రాయకుండా బడి పేరు రాసుకున్నాం.

రెండో బడిలో మాత్రం నేను చెప్పిన పాఠమే చాలామంది పిల్లలకు ఆ రోజంతటికీ దొరికిన ఏకైక పాఠం. ఇంట్లో మళ్ళీ అడిగేవాళ్ళుండరు. నేను సరిగ్గా చెప్పకపోతే ఇక అంతే. టీచర్‌గా నాకు అసలు పరీక్ష అక్కడ మొదలైంది.

పాత ఆధారాలు చూసినా ఇదే కనిపిస్తుంది. 1966లో అమెరికా ప్రభుత్వం కోసం సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ సుమారు 4,000 బడుల్లో 6 లక్షలకు పైగా విద్యార్థులను పరిశీలించి నివేదిక ఇచ్చాడు. పిల్లల చదువులో తేడాలకు బడి కంటే కుటుంబ నేపథ్యమే పెద్ద కారణమన్నాడు. అందరికీ గుర్తుండిపోయింది ఈ ముక్కే. బడి మంచిదైతే ఎక్కువ లాభపడేది అన్నిటికంటే వెనకబడిన పిల్లలేనని కూడా ఆ నివేదికలోనే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 2002లో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు కాలేజీల విషయంలో ఇలాంటి ప్రశ్నే వేశారు. ఒకే స్థాయి కాలేజీల్లో సీటు వచ్చిన విద్యార్థుల్లో కొందరు పెద్ద పేరున్న కాలేజీకి వెళ్ళారు, కొందరు అంత పేరు లేని దానికి వెళ్ళారు. ఏళ్ళు గడిచాక చూస్తే ఇద్దరి సంపాదనా దాదాపు ఒకటే. అక్కడా ఒక మినహాయింపు తేలింది: తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకు మాత్రం ఆ కాలేజీ నిజంగానే కలిసొచ్చింది.

అంటే మంచి బడి అవసరం ఎవరికి తక్కువో వాళ్ళనే ఏరి, మంచి బడిలో కూర్చోబెడుతున్నాం. ఎవరికి ఎక్కువో వాళ్ళను గేటు దగ్గరే వెనక్కి పంపిస్తున్నాం. ఈ ఒక్క సంగతి మీకు చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అన్న వాదన గురించి రెండు మాటలు. ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన ఒక పెద్ద ప్రయోగంలో 180 గ్రామాలను తీసుకుని, లాటరీలో పేరు వచ్చిన పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు భరించారు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ తెలుగులో, లెక్కల్లో తేడా రాలేదు. హిందీలో లాటరీ తగిలినవాళ్ళు మెరుగ్గా ఉన్నారు. పైగా ఒక్కో పిల్లవాడి మీద ఆ ప్రైవేటు బడులు పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడుల ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. కాబట్టి ఈ ప్రయోగం ఏ పక్షాన్నీ గెలిపించలేదు. బడి ముందున్న పేరు బోర్డు మారినంత మాత్రాన లెక్కలు రావని మాత్రం తేల్చింది.

మరి లెక్కలు ఎలా వస్తాయి? తరగతి గది బాగుంటే వస్తాయి. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. 79 బడులు, 11,000 మందికి పైగా చిన్నపిల్లలు. ఎవరు ఏ గదిలో కూర్చోవాలో, ఏ టీచర్ ఎవరికి చెప్పాలో చీటీలు తీసినట్టే తేల్చారు. కొన్ని గదుల్లో 13 నుంచి 17 మంది, కొన్నిటిలో 22 నుంచి 25 మంది. పెద్ద తరగతులకు వెళ్ళేసరికి, మంచి గదిలో, అంటే ఏడాది చివరికి తోటి పిల్లలంతా బాగా నేర్చుకున్న గదిలో, మొదలుపెట్టిన పిల్లల మార్కుల ఆధిక్యం చాలావరకు కరిగిపోయింది. అక్కడితో ఆగి ఉంటే దండగ ఖర్చు అనేసేవాళ్ళం. కానీ ఆర్థికవేత్త రాజ్ చెట్టి, ఆయన సహ పరిశోధకులు ఆ పిల్లల జీవితాలను పెద్దయ్యేదాకా వెంబడించి 2011లో ఫలితాలు ప్రచురించారు. కిండర్‌గార్టెన్‌లో మంచి తరగతి గది దొరికిన పిల్లలు 27 ఏళ్ళ వయసులో ఎక్కువ సంపాదిస్తున్నారు. మార్కుల్లో మాయమైన మేలు జీవితంలో మళ్ళీ పైకి తేలింది. ఐదేళ్ళ పిల్లకు ఓపిగ్గా కూర్చోవడం, తప్పు చేసినా మళ్ళీ ప్రయత్నించడం నేర్పిన టీచర్ ఉంటే, ఆ అలవాటు ప్రశ్నపత్రంలో కనిపించకపోయినా మనిషితో పాటే ఉండిపోతుందని నేను అనుకుంటాను.

జవాబు చెరిపేసుకున్న ఆ అమ్మాయికి పోయింది ఆ ధైర్యమే. భిన్నాలు వచ్చు. తనకు వచ్చన్న నమ్మకం పోయింది.

ఇక ఇంకో వైపు కూడా నిజాయితీగా చెప్పాలి. పేరున్న బడి వల్ల ఏమీ ఒరగదని నేను అనను. బ్రిటన్‌లో ప్రైవేటు బడుల్లో చదివే పిల్లలు సుమారు 7 శాతమే. 2019లో అక్కడి ఒక అధ్యయనం లెక్క తీస్తే సీనియర్ న్యాయమూర్తుల్లో 65 శాతం ఆ బడుల్లో చదివినవాళ్ళే. ఈటన్ అనే ఒక్క బడి నుంచే 20 మంది ప్రధానులయ్యారు. అమెరికాలో అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాల మీద 2023లో వచ్చిన పరిశోధనలోనూ, సగటు సంపాదనలో పెద్ద తేడా లేకపోయినా, సంపాదనలో పైనున్న 1 శాతంలో చేరే అవకాశం, పేరున్న సంస్థల్లో ఉద్యోగం దొరికే అవకాశం బాగా పెరిగాయని తేలింది. శిఖరం దగ్గర మాత్రం పేరుకు విలువ ఉంది. పరిచయాలు తలుపులు తెరుస్తాయి. లోపల కూర్చున్నవాళ్ళు తమ బడి పేరు కనిపించగానే కుర్చీ చూపిస్తారు.

ఆ కుర్చీ చూపించినవాళ్ళలో నేనూ ఉన్నాను. కొన్నేళ్ళ క్రితం టీచర్ల నియామకానికి వేసిన కమిటీలో నన్నూ కూర్చోబెట్టారు. 200కు పైగా దరఖాస్తులు, చేతిలో ఒక్క మధ్యాహ్నం. పేరున్న కాలేజీలు ఒక కట్ట, మిగతావన్నీ రెండో కట్ట అనుకున్నాం. గంటలో పని అయిపోయింది. రెండో కట్టకు దారం చుట్టి బల్ల కింద పెట్టింది నేనే. సాయంత్రం వెళ్ళిపోయేటప్పుడు కూడా ఆ ముడి అలాగే ఉంది. అందులో ఎలాంటి టీచర్లు ఉన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు అన్యాయం జరిగింది, అందులో నా చేయి ఉంది. ఏ బడిలో చదివావన్నదే జీవితాన్ని నిర్ణయిస్తుందని లోకం నమ్ముతోందంటే, మాలాంటివాళ్ళం బల్లకు ఇవతల కూర్చుని దాన్ని నిజం చేస్తున్నందువల్లే.

అందుకే మంత్రిగారూ, నేను కోరేవాటిలో మొదటిది ఖర్చు లేనిది. మీ శాఖ చేసే ప్రతి నియామకంలోనూ, మొదటి వడపోత ముగిసేదాకా బడి పేరు, కాలేజీ పేరు కమిటీకి కనిపించకుండా చేయించండి. అర్హత ఉందో లేదో గుమాస్తా చూసుకుంటాడు. ఊరూ పేరూ లేని కాగితం మీద మనిషి పనితనం చూడమనండి. ఇది మీ ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని.

రెండోది కష్టమైనది. అనుభవం పెరిగేకొద్దీ టీచర్ మంచి ఫలితాలున్న బడికి వెళ్ళిపోవడం మా వృత్తిలో మామూలైపోయింది. నన్ను వెనక్కి రమ్మని మూడుసార్లు పిలిచారు. వెళ్ళకుండా ఉండటం తేలికేమీ కాదు, ఎందుకంటే ఇక్కడ 50 మంది ఉన్న గదిలో రాత్రి దాకా నోట్‌బుక్కులు దిద్దినా మెచ్చుకోలు రాదు. మెచ్చుకోవాలంటే ముందు కొలిచే పద్ధతి మారాలి. పిల్లలు ఏ స్థాయిలో వచ్చి ఏ స్థాయిలో వెళ్తున్నారో చూడండి. రెండంకెల తీసివేత రాకుండా చేరిన పిల్లవాడు ఏడాది తిరిగేసరికి భిన్నాలు కలుపుతున్నాడంటే, ఆ బడి ఏ పతకాల బడికీ తీసిపోదు. అలాంటి బడికి మంచి టీచర్లను పంపండి, పంపినవాళ్ళకు తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించండి, సహాయకులను ఇవ్వండి. కొత్తగా డబ్బు ఉంటే ముందు చిన్న తరగతులకు ఇవ్వండి.

మూడోది, పదకొండేళ్ళ లోపు పిల్లలకు ఎంపిక పరీక్ష వద్దు. ఫిన్లండ్‌లో ఒకప్పుడు ఆ వయసులోనే పిల్లల్ని రెండు దారులుగా విడదీసేవాళ్ళు. 1972 నుంచి 1977 మధ్య ఒక్కో ప్రాంతంలో దాన్ని ఎత్తేసి, అందరికీ తొమ్మిదేళ్ళ ఉమ్మడి బడి తెచ్చారు. ఆ మార్పు వల్ల తండ్రి ఆదాయానికీ కొడుకు ఆదాయానికీ ఉన్న ముడి సుమారు 23 శాతం సడలిందని తర్వాత పరిశోధకులు లెక్కగట్టారు. కొత్త భవనాలతో వచ్చిన మార్పు కాదిది. పిల్లల్ని విడదీసే పనిని కొన్నేళ్ళు వెనక్కి జరిపారు, అంతే.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారేమో. ఆ రోజు నుంచి నా తరగతిలో ఒక నియమం పెట్టాను. జవాబు చెరపకూడదు. తప్పనిపిస్తే ఒక గీత కొట్టి కింద మళ్ళీ రాయాలి. ఏడాది చివర్లో ఆ నోట్‌బుక్‌లో కొట్టేసిన లెక్కలు నేను కూర్చుని చూశాను. అలా కొట్టేసిన జవాబుల్లో సగానికి పైగా సరైనవే. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది, ఆ అమ్మాయే ఇచ్చింది.

మీకు వీలైతే ఒక రోజు మా బడికి రండి. ముందుగా కబురు పంపకండి, పంపితే గోడలకు రంగులు వేస్తారు. ఏడో తరగతిలో చివరి బెంచీలో ఒక పీరియడ్ కూర్చోండి. ఆ నోట్‌బుక్ బల్ల మీద పెట్టి ఉంచుతాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్