రబ్బరు టోపీ సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. ఇక్కడ దుకాణాల బోర్డులు ఒడియాలో ఉన్నా బేరాలు తెలుగులోనే సాగుతాయి, పొద్దున్నే టీకొట్టు దగ్గర మీ పేపరు కోసం చెయ్యి చాచేవాళ్లం నలుగురైదుగురం ఎప్పుడూ ఉంటాం. ఇయర్‌ఫోన్ల గురించి మీరు రాసేవి నేను వదలకుండా చదువుతాను. ఒక్కటే ఫిర్యాదు. ఛార్జింగు ఎన్ని గంటలు వస్తుంది, లోపల శబ్దం పుట్టించే డ్రైవరు బిళ్ల ఎన్ని మిల్లీమీటర్లు, ఏయే రంగుల్లో దొరుకుతుంది, అన్నీ రాస్తారు గానీ అది చెవిలో సరిగ్గా కూర్చుంటుందా లేదా అన్న ముక్క మాత్రం ఉండదు. తక్కువ డబ్బులో పాట బాగా వినాలనుకునేవాడికి ముందు కావాల్సింది అదే కదండీ.

నా సంగతే చెబుతాను. ఉద్యోగం గుణుపూర్‌లో, రోజూ పాసింజరు బండిలో ప్రయాణం. ఒకప్పటి రాజావారి చిన్న రైలు దారే ఇది, 1900లో నౌపడా నుంచి మా ఊరి దాకా మొదలైంది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది, పెట్టెలో గోల మాత్రం తగ్గలేదు. ఆ గోల తప్పించుకుందామని పోయినేడాది పదిహేను వందలు పోసి చెవి కన్నంలోకి దూరే రకం, ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్ ఒకటి కొన్నాను. పెట్టుకుని వింటే డోలు దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టుంది, సన్నాయి చూస్తే చెవిలో గుచ్చుకుంటోంది. కొట్టువాడు అంటగట్టేశాడని వారం రోజులు తిట్టుకున్నాను. పండక్కి వచ్చిన మా మేనల్లుడు చూసి, "మావయ్యా, వస్తువు బాగానే ఉంది, కొసన తొడిగిన ఈ రబ్బరు టోపీయే నీ చెవికి చిన్నదయింది" అని డబ్బా అడుగున నేను పారేయబోయిన చిన్న కవరు బయటికి తీశాడు. అందులో ఇంకో రెండు జతల సిలికాన్ టోపీలున్నాయి. పెద్దవి తొడిగి, రెండో చేత్తో చెవి పై అంచుని కాస్త వెనక్కి లాగి పట్టుకుని, మెల్లగా లోపలికి తొయ్యమన్నాడు. తోశాను. నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను చప్పుడు ఠక్కున పోయింది. అదే ఫోను, అదే పాట, డోలు మాత్రం అడుగు నుంచి గుమ్మంటూ వచ్చింది. చివరికి కుడి చెవికి పెద్దది, ఎడమ చెవికి మధ్య సైజుది కుదిరాయి. నా రెండు చెవులూ ఒక్క కొలత కాదని యాభై దాటాక గానీ తెలియలేదు నాకు.

ఇందులో మంత్రమేమీ లేదు, టోపీకీ చెవికీ మధ్య సందుంటే బాస్, అంటే డోలు లాంటి అడుగు శబ్దం, అంతా ఆ సందులోంచే కారిపోతుంది, బయటి రొద అందులోంచే లోపలికొస్తుంది, దాంతో మనం వాల్యూం పెంచుకుంటూ పోతాం. చెవి పాడయ్యేది అక్కడే. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబెల్స్ మించకుండా, ఇదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. రైలు పెట్టెలో సందున్న ఇయర్‌ఫోన్‌తో ఆ లెక్కలో ఉండటం నా వల్ల కాలేదు. సరిపోయిన టోపీతో ఇప్పుడు సగం వాల్యూం చాలుతోంది. సిలికాన్ నిలవకపోతే ఫోమ్‌వి విడిగా దొరుకుతాయి, నలిపి పెడితే చెవిలో ఉబ్బి కూర్చుంటాయి, కాకపోతే చెమటకి తొందరగా చెడతాయి.

డబ్బా మీది అంకెలంటారా, వాటిని నేను చూడటం మానేశాను. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని రెండొందల దానిమీదా ఉంటుంది, రెండు వేల దానిమీదా ఉంటుంది. డ్రైవరు పెద్దదైతే శబ్దం బాగుంటుందన్నదీ అంతే. ఓమ్స్, అంటే కరెంటుకు ఇయర్‌ఫోన్ చూపే అడ్డు, మాత్రం 16, 32 దగ్గర ఉంటే మామూలు ఫోను సులువుగానే మోస్తుంది. ఎక్స్‌ట్రా బాస్ అని పెద్దక్షరాలతో రాసుంటే నేనైతే దాని జోలికి పోను. తప్పెటగుళ్ల పాట పెట్టి వినండి, అందులో దరువు గొంతుని మింగేస్తే ఆ వస్తువు రోజూ వినడానికి పనికిరాదు. కొనబోయేవాళ్లు తమకు బాగా తెలిసిన పాట ఒకటి ఫోనులో దాచుకుని దాంతోనే పరీక్ష చెయ్యాలి. కొట్టువాడు వేసే పాటలో ఏదైనా బాగానే ఉంటుంది.

తర్వాత తీగ. ఎక్కువ ఇయర్‌ఫోన్లు చచ్చేది జాక్ మెడ దగ్గర. తీగ ఊడదీసి మార్చుకునే రకాలు ఇప్పుడు రెండు వేలకు అటూ ఇటూగానే వస్తున్నాయి, మూన్‌డ్రాప్ చూ 2 లాంటివి. తీగ పోతే తీగే కొంటాం, మొత్తం పారెయ్యక్కర్లేదు. మైకు కావాలంటే జాక్ మీద నల్ల గీతలు మూడున్నాయో లేదో చూసుకోవాలి, రెండే ఉంటే మైకు లేనట్టే. ఫోనుకు గుండ్రటి కన్నం లేకపోతే టైప్-సి కన్వర్టరు కొనాలి గదా, నేను అందులోనూ ఒకసారి మోసపోయాను. కొన్ని ఫోన్లు టైప్-సి లోంచి ఇయర్‌ఫోన్‌కు నేరుగా పనికొచ్చే అనలాగ్ శబ్దం పంపుతాయి, చాలా ఫోన్లు పంపవు. అలాంటివాటికి లోపల డీఏసీ, అంటే ఫోనిచ్చే డిజిటల్ అంకెల్ని అనలాగ్ శబ్దంగా మార్చే చిప్పు, ఉన్న కన్వర్టరే కావాలి. యాభై రూపాయలది పెట్టి ఫోను పాడైందని సర్వీసు సెంటరు చుట్టూ తిరిగిన మనిషిని నేను.

వైర్‌లెస్ వద్దనను, మా అమ్మాయికి అదే ఇష్టం. కానీ ఆ చిట్టి బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది, మార్చే వీలు దాదాపుగా ఉండదు. అంత డబ్బుకీ పాటే కావాలంటే తీగదే గెలుస్తుంది.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇంకో తలనొప్పి. మేం శ్రీకాకుళం వెళ్లి కొంటాం, తేడా వస్తే గజపతి జిల్లా నుంచి ఏం చేస్తారులే అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉన్న చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోనూ చెయ్యొచ్చు. బిల్లు మాత్రం అడిగి తీసుకోవాలి, జీఎస్టీ వేస్తే ధర పెరుగుతుందని కొట్టువాడు బుజ్జగించినా సరే.

కాబట్టి మీ పేజీలో ఇకనుంచి డబ్బాలో ఎన్ని సైజుల టోపీలిస్తున్నారు, తీగ ఊడుతుందా లేదా, ఈ రెండు ముక్కలు రాయండి. మొన్న మా టీకొట్టు అతను ఒక చెవి పనిచెయ్యడం లేదని తనది చెత్తబుట్టలో వేస్తుంటే ఆపి చూశాను. జాలీ నిండా గులిమి. టోపీ తీసి, జాలీని కిందికి తిప్పి, పొడి పళ్ల బ్రష్షుతో మెల్లగా దులిపితే మళ్లీ పలికింది. అయినా అతనికి కొత్తదాని మీదే మనసు, ఏది కొనమంటారు బాబూ అని రోజూ అడుగుతున్నాడు. మీరు రాసేదాకా ఆగమన్నాను.

— ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా